బెజవాడ ఎండల్లో ఏ కుక్క? మూతి, బొచ్చు, బరువు చూసి ఎంచుకోండి

కుక్కపిల్లను తెచ్చుకుందామనుకున్న ఇంట్లో చర్చంతా పేర్ల మీదే నడుస్తుంది. పిల్లలు పగ్ అంటారు, నాన్న జర్మన్ షెపర్డ్ అంటాడు, పక్కింటివాళ్లేమో ల్యాబ్ అయితే నెమ్మదస్తురాలని చెబుతారు. ఫొటోల్లో అన్నీ ముద్దొస్తాయి. కానీ విజయవాడ, గుంటూరుల్లో ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మే నెల మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే ఆ కుక్క ఒంటి వేడిని ఎలా దించుకుంటుంది? చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఫ్యాను తిప్పుతుంది గానీ ఏసీని లాగలేదు. ఎండ 44, 45 డిగ్రీలకు పోయే ఊళ్లలో కొన్ని కుక్కల ప్రాణం మీదికి రావడానికి ఆ గంట చాలు. అందుకని ఇక్కడ పోల్చేది ముందుగా శరీరాల్ని. గుణాలు, అందాలు ఆ తర్వాత.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మూతి. కుక్కకు చెప్పుకోదగ్గ చెమట పట్టేది పాదాల అడుగునే. ఒళ్లు చల్లబడ్డానికి అది ఏమూలకూ చాలదు. దానికున్న దారి రొప్పడం. తీరిగ్గా పడుకున్నప్పుడు నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఊపిరి తీసే కుక్క, వేడెక్కితే 200 సార్లు కూడా దాటిస్తుంది. ముక్కు లోపల చుట్టలు చుట్టుకున్న పల్చటి ఎముకలుంటాయి. వాటి మీద తడిపొర ఉంటుంది. ఆ తడి, నాలుక మీది తడి ఆవిరైపోతూ నెత్తుటి వేడిని లాక్కుపోతాయి. మూతి పొడవుగా ఉంటే ఆ తడిపొరకు చోటెక్కువ. నొక్కేసినట్టున్న మూతిలో ఆ చోటు తగ్గిపోతుంది, గాలి వెళ్లే దారి కూడా ఇరుకవుతుంది.

రొప్పడంతో ఒక చిక్కుంది. గాలిలో తేమ ఎక్కువైతే తడి ఆవిరి కాదు. కృష్ణ ఒడ్డు ఊళ్లలో వడగాడ్పుల రోజులే కాదు, ఒక వాన పడి వెలిసిన జూన్ ఉక్కపోత రోజులూ ప్రమాదమే. థర్మామీటరు 37 చూపించిందని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఫ్యాను సంగతీ ఇంతే. మనకు చెమట ఉంది కాబట్టి ఫ్యాను గాలి హాయి. పొడిబొచ్చు కుక్కకు దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. పొట్ట, గజ్జలు, పాదాలు నీళ్లతో తడిపి, అప్పుడు ఫ్యాను కింద పడుకోబెడితే పనిచేస్తుంది.

బొచ్చు పొరలు. కొన్ని కుక్కలకు పైబొచ్చు కింద దూదిలాంటి లోబొచ్చు ఉంటుంది. వేలితో బొచ్చు విడదీసి చూడండి: వెంటనే చర్మం కనిపిస్తే ఒక్క పొర, మెత్తటి నూగు అడ్డొస్తే రెండు పొరలు. రెండు పొరల కుక్కకు వేసవిలో గుండు గీయించడం మన దగ్గర అలవాటైపోయింది. అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పైబొచ్చు ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వదు. అది పోతే చర్మం కమిలిపోతుంది. కొన్నిటికి మళ్లీ సరిగా మొలవదు, నెలల తరబడి మచ్చలుమచ్చలుగా ఉండిపోతుంది. చేయాల్సింది లోబొచ్చును దువ్వి తీసేయడం. వారానికి రెండు మూడు సార్లు, బొచ్చు ఊడే కాలంలో రోజూ.

బరువు. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ వేడి పుట్టించే కండ పెరిగినంతగా దాన్ని వదిలే చర్మం పెరగదు. పైగా పెద్ద కుక్కలకు ఆయుష్షు తక్కువ, కీళ్ల బాధలెక్కువ. లిఫ్టు లేని మూడో అంతస్తులో 35 కిలోల కుక్క కాలు విరగ్గొట్టుకుంటే కిందికి మోసుకెళ్లేదెవరో ముందే అనుకోండి.

ఇంటి నేల. ఇది ఎవరూ అడగరు. కొత్త అపార్ట్‌మెంట్లన్నీ నున్నటి టైల్సు, గ్రానైటు. ఎదిగే వయసులో రోజూ వెనక్కాళ్లు జారుతూ పెరిగిన ల్యాబ్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు, వంశపారంపర్యంగా తుంటి కీలు వదులుగా ఉంటే అది ఇంకా చెడుతుంది. పిల్ల తిరిగేచోట రబ్బరు మ్యాట్లో, పాత జంపఖానాలో పరిచి ఉంచాలి. అరికాళ్ల మెత్తల మధ్య బొచ్చు కత్తిరిస్తుండాలి.

## ఒక్కచోట పోలిక

| రకం | పెద్దయ్యాక బరువు (కిలోలు) | మూతి | బొచ్చు | మన ఎండకు | ఆయుష్షు (ఏళ్లు) | బెడిసికొట్టేది |
|---|---|---|---|---|---|---|
| దేశవాళీ | 15–25 | పొడవు | పొట్టి | బాగా తట్టుకుంటుంది | 12–15 | మొరుగుడు, కాపలా బుద్ధి |
| ల్యాబ్రడార్ | 25–36 | మధ్యస్థం | రెండు పొరలు | జాగ్రత్తగా ఉంటే సరే | 10–12 | ఒళ్లు పెరగడం, తుంటి, చెవులు |
| జర్మన్ షెపర్డ్ | 22–40 | పొడవు | దట్టంగా రెండు పొరలు | కష్టం మీద | 10–12 | తుంటి, గోమారి జ్వరం |
| పగ్ | 6–8 | నొక్కుడు | పొట్టి | ఏసీ లేకపోతే వద్దు | 10–13 | ఊపిరి, కళ్లు |
| షిట్జు | 4–7 | పొట్టి | ఆగకుండా పెరిగే జుట్టు | ఏసీ కావాలి | 12–15 | జడలు కట్టడం, కళ్లు |
| ఇండియన్ స్పిట్జ్, చిన్న రకం | 5–7 | కోసుగా | రెండు పొరలు | ఓర్చుకుంటుంది | 12–14 | మొరుగుడు, పళ్లు |
| బీగిల్ | 9–13 | మధ్యస్థం | పొట్టి, రెండు పొరలు | ఫర్వాలేదు | 12–15 | ఊళ, చెవులు, తిండియావ |
| రాజపాళయం, ముధోల్ | 20–30 | చాలా పొడవు | చాలా పొట్టి | బాగా తట్టుకుంటుంది | 10–12 | చోటు, పరుగు |
| సైబీరియన్ హస్కీ | 16–27 | పొడవు | మంచుదేశపు దట్టం | వద్దు | 12–14 | ఎండే |

## దేశవాళీ కుక్క

వీధిలో పుట్టిందని తక్కువ చూస్తాం గానీ, పైన చెప్పిన కొలతలన్నిట్లోనూ నెగ్గేది ఇదే. పొడుగు మూతి, నిలబడ్డ చెవులు, పొట్టి బొచ్చు, సన్నటి నడుము, మధ్యరకం బరువు. చెవి నిలబడి ఉంటే లోపల గాలాడుతుంది, చీము పట్టడం అరుదు. ఒక ఫలానా ఆకారం కోసం మనుషులు ఎంచి ఎంచి జతకట్టించిన కుక్క కాదు కాబట్టి, ఇరుకు ఊపిరి, జారిన తుంటి లాంటి పుట్టుబాధలు తక్కువ.

ఇబ్బందులు వేరే ఉన్నాయి. దీనికి తన హద్దు అనే పట్టింపు గట్టిది. రాత్రి మెట్ల మీద అడుగుల చప్పుడైతే మొరుగుతుంది. పక్క ఫ్లాట్ల వాళ్ల నుంచి మాట పడక తప్పకపోవచ్చు. కొత్త మనుషులు, పిల్లలు, బండ్లు, ప్రెషర్ కుక్కర్ విజిల్ ఇవన్నీ 3 వారాల నుంచి 14 వారాల వయసులోపు పరిచయం చేస్తే ఆ బెదురు చాలా తగ్గుతుంది. ఆ వయసు దాటాక తెచ్చుకుంటే ఓపిక కావాలి.

వీధి నుంచి తెచ్చిన పిల్లకు పొట్ట ఉబ్బెత్తుగా ఉంటే అది తిండి పుష్టి కాదు, నులిపురుగులు. బొచ్చు ఊడి మచ్చలుంటే గజ్జి. రెండూ నయమవుతాయి, భయపడక్కర్లేదు. అయితే ఇంట్లోకి తెచ్చిన రోజే డాక్టరుకు చూపించాలి. దేశవాళీ కదా, టీకాలెందుకు అనుకోవడం పెద్ద పొరపాటు. నెత్తుటి విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ జబ్బుకు జాతి పట్టింపు లేదు.

## ల్యాబ్రడార్

నెమ్మది, నేర్పితే నేర్చుకుంటుంది, పిల్లలతో ఓర్పు. ఇవన్నీ నిజమే. దీని అసలు శత్రువు మన చేతిలో ఉండే బిస్కెట్టు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చెప్పినదాని ప్రకారం, దాదాపు ప్రతి నాలుగు ల్యాబ్‌లలో ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో కొంత ముక్క ఊడిపోయి ఉంటుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడంలో ఆ జన్యువుకు పాత్ర ఉంది. కాబట్టి గిన్నె నాకేసి మళ్లీ మీ మొహంలోకి చూసే ల్యాబ్‌కు నిజంగానే ఆకలేస్తుండవచ్చు. అయినా పెట్టకూడదు. కొవ్వు పొర పెరిగితే ఒంట్లో వేడి బయటికి పోదు, తుంటి మీద భారం పడుతుంది. పక్కటెముకల మీద చెయ్యి వేసి నిమిరితే, గట్టిగా నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడినట్టు కనిపించాలి. లేకపోతే ఒళ్లు చేసినట్టే.

చెవులు వేలాడుతాయి, ఇది నీళ్లంటే పడిచస్తుంది. స్నానం చేయించాక చెవులు తుడవకపోతే ఉక్కకు లోపల బూజు, చీము. తల అదేపనిగా విదిలిస్తున్నా, చెవి పుల్లటి వాసన వేస్తున్నా ఆలస్యం చేయొద్దు.

ఈ ఊళ్లలో ల్యాబ్‌కు సరైన ఇల్లు: కింద వాటా, నీడపట్టున గచ్చు, తెల్లవారుజామున ఐదున్నరకల్లా లేచి నడిపించే మనిషి. ఆరున్నర దాటాక నడిపిద్దాం అనేవాళ్లకు వేసవి మూడు నెలలూ గండమే. రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, దాని పాదాలూ కాలతాయి. గోల్డెన్ రిట్రీవర్ గురించి విడిగా చెప్పేదేమీ లేదు. ల్యాబ్ సమస్యలే, బొచ్చు రెండింతలు.

## పగ్, షిట్జు, ఇతర పొట్టిమూతులు

ఫ్లాట్‌కు చిన్న కుక్క అయితే చాలనుకుని ఎక్కువమంది చేరేది ఇక్కడికే. సైజు సరిపోతుంది, ఊరు సరిపోదు.

పుర్రె ముందుభాగం కుదించుకుపోయినా లోపలి మెత్తటి భాగాలు అంతగా కుదించుకోలేదు. నాసికారంధ్రాలు చీలికల్లా సన్నగా ఉంటాయి. నోటి వెనకభాగపు మెత్తటి అంగిలి పొడవై గొంతుకు అడ్డం పడుతుంది. కొన్నిటికి గాలిగొట్టం కూడా సన్నమే. పగ్ గురక ముద్దుగా అనిపిస్తుంది, అది ఇరుకు దారిలో గాలి పెట్టే చప్పుడు. ఎండకు రొప్పడం మొదలెడితే ఆ ఒరిపిడికి గొంతులోపల వాచి దారి ఇంకా ఇరుకవుతుంది. చల్లబడాలని చేసే పనే ఊపిరికి అడ్డమవుతుంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కూ ఇదే గతి.

కళ్లు ఉబ్బెత్తుగా బయటికుంటాయి కాబట్టి గీతలు పడి పుండ్లవుతాయి. మొహం ముడతల్లో చెమ్మ చేరి పాచివాసన వస్తుంది, రోజూ పొడిగుడ్డతో తుడవాలి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల సీజన్లో మనుషులే తుమ్ముతూ తిరుగుతారు, ఆ ఘాటులో ఈ కళ్లు, ఈ ముక్కు పడే బాధ వేరే చెప్పాలా.

పట్టుదలగా కావాలంటే షిట్జు కొంత నయం. దానికి జుట్టు ఊడటం తక్కువ, పెరగడం ఎక్కువ. దానికి మాత్రం పొట్టిగా కత్తిరించవచ్చు, నెలా నెలన్నరకోసారి. పగ్ అయినా షిట్జు అయినా ఏసీకి ఆనుకున్న కరెంటు ఏర్పాటు, అంటే జనరేటర్ బ్యాకప్ ఉన్న అపార్ట్‌మెంటు, ఉంటేనే ఆలోచించండి. మెడపట్టీ వద్దు, ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి.

## స్పిట్జ్, పొమేరియన్

మన ఇళ్లలో తరాలుగా పొమేరియన్ అని పిలుస్తున్న తెల్లకుక్క చాలావరకు ఇండియన్ స్పిట్జ్. అసలు పొమేరియన్ 3 కిలోల లోపే ఉంటుంది, ధరా ఎక్కువే. స్పిట్జ్‌కు లోబొచ్చు ఉన్నా ఒళ్లు చిన్నది, మూతి కోసుగా ఉంటుంది. నీడ, నీళ్లు, దువ్వెన ఉంటే ఇక్కడి వేసవి గడిపేస్తుంది. పెద్దవాళ్లున్న ఇంటికి, చిన్న ఇంటికి మంచి ఎంపిక. కాలింగ్ బెల్‌కు ముందే మొరుగుతుంది. చిన్న దవడలో 42 పళ్లు ఇరుక్కుని పాచి పడతాయి కాబట్టి వారానికి మూడు సార్లైనా కుక్కల పేస్టుతో తోమాలి. మనుషుల పేస్టు వద్దు, కొన్నిట్లో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్కలకు విషం.

## జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, డాబర్‌మన్

జర్మన్ షెపర్డ్ మూతి బాగుంది, బొచ్చు మన ఊరిది కాదు. దానికి మించిన తంటా గోమార్లు. గోధుమరంగు గోమారి మోసుకొచ్చే ఎర్లీకియా జ్వరం ఏ కుక్కకైనా రావచ్చు గానీ, షెపర్డ్‌లో ముదిరే అవకాశం ఎక్కువ. తిండి మానేయడం, ముక్కులోంచి నెత్తురు, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. ఒంటి మీద కనిపించేవి కొన్నే. ఒక్కో ఆడగోమారి వేలల్లో గుడ్లు పెడుతుంది, అవి గోడ పగుళ్లలో, గచ్చు సందుల్లో ఉంటాయి. కుక్కకు డాక్టరు చెప్పిన మాత్ర వేసి, సందులు పూడ్చకుండా వదిలేస్తే నెలలోపే మళ్లీ మొదలు.

రాట్‌వీలర్ 40, 50 కిలోల నల్లటి ఒళ్లు, ఆయుష్షు తొమ్మిదేళ్ల చుట్టూ. అనుభవం లేని ఇంటికి వద్దు. డాబర్‌మన్ ఒక్క పొర బొచ్చుది, ఎండకు ఈ రెండిటికన్నా మెరుగు. గుండె కండరం పల్చబడే జబ్బు ఈ జాతిలో ఎక్కువ కాబట్టి మూడేళ్లు దాటాక ఏటా గుండె పరీక్ష చేయించాలి.

## రాజపాళయం, ముధోల్

తమిళనాడు విరుదునగర్ జిల్లా రాజపాళయం, కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోల్ ఊళ్ల పేర్లతోనే పిలిచే వేటకుక్కలివి. ఈ రెండిటి బొమ్మలతో తపాలా శాఖ 2005లో స్టాంపులు తెచ్చింది. ఒంట్లో కొవ్వు తక్కువ, బొచ్చు పల్చన, ఛాతీ లోతు, మూతి పొడవు. ఎండకు పుట్టిన కుక్కలు. రోజూ ఒక్కసారైనా విప్పి పరిగెత్తించే చోటు కావాలి, చుట్టూ కనీసం ఆరడుగుల గోడ కావాలి. పిల్లి కనిపిస్తే మీ పిలుపు వినిపించదు. తాడికొండ, కంకిపాడు వైపు తోట ఉన్నవాళ్లకు దివ్యంగా కుదురుతాయి, బ్రాడీపేట ఫ్లాట్‌కు కుదరవు.

తెల్ల రాజపాళయంలో పుట్టుచెవుడు కనిపిస్తుంది. పిల్ల నిద్రపోతుండగా దూరంగా, గాలి తగలకుండా, తాళంచెవులు ఆడించి చూడండి. చెవి కదలాలి. ఆపరేషన్ ఏదైనా చేయించాల్సి వస్తే ఇది వేటకుక్క జాతి అని డాక్టరుకు గుర్తుచేయండి. ఒంట్లో కొవ్వు తక్కువ కావడంతో కొన్ని మత్తుమందులు వీటిలో త్వరగా దిగవు.

## బీగిల్, హస్కీ

బీగిల్ ఎండకు ఫర్వాలేదు, చెవులకు ల్యాబ్ జాగ్రత్తలే. ఒంటరిగా వదిలితే ఊళ వేస్తుంది, ఆ ఊళ కింది వీధికి వినిపిస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇంటికి వద్దు.

హస్కీ వద్దు. ఏసీ గదిలో ఉంచుతాం అంటారు. మైళ్లకొద్దీ బండి లాగేందుకు పెంచిన కుక్కను ఏడాదిలో నాలుగు నెలలు గదిలో బంధించడమే అది.

## తిండి లెక్క

కుక్కకు రోజుకెంత కావాలన్నది బరువుతో పాటు సూటిగా పెరగదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకు సుమారుగా ఇంత:

| బరువు | రోజుకు కిలోక్యాలరీలు |
|---|---|
| 5 కిలోలు | 375 |
| 10 కిలోలు | 630 |
| 20 కిలోలు | 1060 |
| 30 కిలోలు | 1435 |

వండిన అన్నం 100 గ్రాములకు 130 కిలోక్యాలరీల దాకా వస్తాయి, కోడిగుడ్డుకు 70. కుక్క పిండిపదార్థాన్ని తోడేలు కన్నా బాగా అరిగించుకుంటుంది, తరతరాలుగా మన మెతుకులు తిన్న ఫలితం. అంతమాత్రాన పెరుగన్నం ఒక్కటే సరిపోదు. మాంసకృత్తులు చాలవు, పిల్లలకు కాల్షియం చాలదు, ముందుకాళ్లు వంకర తిరుగుతాయి. దీనికి ఎదురు పొరపాటూ ఉంది. ప్యాకెట్ ఆహారం పెడుతూనే పెద్ద జాతి పిల్లలకు కాల్షియం సిరప్ పోయడం. ప్యాకెట్‌లో ఉన్నదానికి ఇది తోడై ఎముకల ఎదుగుదల చెడుతుంది. డాక్టరు రాస్తే తప్ప వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఏ జాతికీ పెట్టొద్దు.

## ఎవరికి ఏది

ఉదయం తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే దంపతులకు ఏ కుక్కపిల్లా వద్దు. రెండు మూడేళ్ల దేశవాళీ కుక్కను దత్తత తీసుకోండి. మలమూత్రాల అలవాటు త్వరగా పడుతుంది, గుణం ముందే తెలిసిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు స్పిట్జ్. బడి పిల్లలున్న కింద వాటా ఇంటికి దేశవాళీ గానీ, తెల్లవారుజామున లేచే మనిషి ఉంటే ల్యాబ్ గానీ. ఉబ్బసం ఉన్న ఇంట్లో జుట్టు ఊడదు కదా అని షిట్జు తెచ్చుకోవద్దు. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. ముందు ఆ కుక్క ఉన్న ఇంట్లో నాలుగు సార్లు కూర్చుని చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మునిగిన సింగ్‌నగర్ లాంటి పల్లపు చోట్ల కింద వాటాలో ఉండేవాళ్లు, ఏ కుక్కయినా, లెప్టోస్పైరోసిస్ టీకా మానొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జబ్బు అది, మనుషులకూ అంటుతుంది.

## పిల్లను తీసుకునేటప్పుడు

2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాళ్లు రెండు నెలలు నిండాయనే అంటారు. నోరు తెరిచి చూడండి. ఆ వయసుకు 28 పాలపళ్లూ వచ్చేసి ఉండాలి. వెనక దవడపళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉంటే వయసు తక్కువ. మరీ ముందే తల్లి నుంచి విడదీసిన పిల్లకు కొరకడంలో హద్దు తెలియదు.

పరిగెత్తించి ఆపి, నిశ్శబ్దంలో ఊపిరి వినండి, ఈల వినిపిస్తే వదిలేయండి. బొడ్డు దగ్గర ఉబ్బు, చెవిలో నల్లటి మడ్డి, వేళ్ల సందుల్లో గోమార్లు చూడండి. టీకాల పుస్తకంలో తేదీతో పాటు మందు సీసా స్టిక్కరు అతికించి ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాల దాకా, మూడో నెల నిండాక రేబిస్, ఆపైన డాక్టరు చెప్పిన వరస. మామూలు క్లినిక్‌లో తేలని కేసులకు గన్నవరం పశువైద్య కళాశాల ఉంది.

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య ఏ పిల్లనూ తేవద్దు. వీధికుక్కల ఈతలు ఎక్కువగా చలికాలంలో వస్తాయి. జనవరిలో తెచ్చిన పిల్ల మే వచ్చేసరికి టీకాలు పూర్తయి, ఎండలో ఏ మూల చల్లగా ఉంటుందో నేర్చుకుని ఉంటుంది.

ఇంట్లో మలద్వారంలో పెట్టి చూసే డిజిటల్ థర్మామీటరు ఒకటి ఉంచుకోండి. 38.3 నుంచి 39.2 మామూలు. 41 దాటి, చిగుళ్లు ముదురెరుపు ఎక్కి, తూలుతుంటే వడదెబ్బ. ఐసు ముక్కల్లో పెట్టొద్దు. కుళాయి నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాను పెట్టండి, 39.5కు దిగగానే నీళ్లు ఆపండి, తేరుకున్నట్టు కనిపించినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులయ్యాక గానీ బయటపడదు.